బొమ్మలేసినవారి పేరేదీ?

సంపాదకులకు,

ట్యాబ్ ఉండగా ఇంకా బొమ్మల పుస్తకాలెందుకు అనేవాళ్ళు ఎక్కువయ్యారు. 1658లో కొమీనియస్ అనే చెక్ విద్యావేత్త పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం తెచ్చిన నాటి నుంచీ ఇవి ఊరికే నిలబడలేదు. స్క్రీన్ మీద బొమ్మ దానంతటదే కదిలిపోతుంది, పుస్తకంలో మాత్రం పేజీ ఎప్పుడు తిప్పాలో పిల్లల ఇష్టం, అక్షరాలు రాకపోయినా మూలన దాక్కున్న పిల్లిని మనకంటే ముందే పట్టేస్తారు (మనం అక్షరాల వెంటపడి బొమ్మ సరిగ్గా చూడం కదా!). మాటలు ఒకటి చెప్తుంటే బొమ్మ ఇంకోటి చెప్పే పుస్తకాలైతే మరీ మజా. మామూలుగా ఉండేది 32 పేజీలే, అయినా మళ్ళీ మళ్ళీ చదవమంటారు. రంగుల అచ్చుకు ఖర్చెక్కువ, నిజమే. కానీ పేరు వేయడానికి ఖర్చేముంది? రచయిత పేరు పెద్దగా వేసి, బొమ్మలేసినవారి పేరు లోపలెక్కడో చిన్నగా వేయడమేంటి? మీ సమీక్షల్లోనైనా ఆ పేరు రాయండి.

– ఒక పాఠకురాలు