రోడ్డు పొడవకుండా షామియానా కట్టుకునే దారి చూపండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది చీమకుర్తి దగ్గర ఒక పల్లె. మీ పేపర్లో రోడ్ల గుంతల మీద రోజూ ఏదో ఒకటి వస్తానే ఉంటది కదా, ఆ గుంతల్లో కొన్ని మేమే మా చేతుల్తో పొడుచుకున్నాం అని ఒప్పుకోడానికే ఈ ఉత్తరం.

మా వీధికి సిమెంట్ రోడ్డు పడ్డాక పెళ్లి గానీ పెద్దకర్మ గానీ ఏదైనా సరే, టెంట్ హౌస్ పిలకాయలు ఆటోలోంచి ముందు దించేది గడ్డపార. తాళ్లు బిగించాలంటే మేకులు దిగాలి, మేకులు దిగాలంటే రోడ్డు పగలాలి. పని అయిపోయాక మేకులు పీక్కుని పోతారు, బొక్కలు మాత్రం మనకే. వానాకాలం వాటిల్లో నీళ్లు దిగి కింద గ్రావెల్ కదిలి రోడ్డు అంచులు పెళ్లలు పెళ్లలుగా లేచిపోతన్నాయి. మా ఇంటి ముందు 11 బొక్కలు లెక్కపెట్టా, అందులో నాలుగు మా పాప ఓణీల ఫంక్షన్‌వే, అబద్ధం ఎందుకు.

మట్టి వీధి ఉన్నప్పుడు గుంజలు పాతి తాటాకు పందిరి వేసేవాళ్లు, గాలొస్తే కిర్రుమనేది గానీ లేచిపోయేది కాదు.

పోయిన ఏప్రిల్లో మా తమ్ముడి గృహప్రవేశానికి రోడ్డు పొడవొద్దు అని నేనే అడ్డం పడ్డా. అయితే టెంట్ కుర్రాళ్లు ఏం చేశారంటే ఒక తాడు ఎదురింటి గేటుకి, ఒకటి వేపచెట్టుకి, ఒకటి మా తమ్ముడి బైకుకి కట్టి, నాలుగోది కరెంటు స్తంభానికి కడతంటే నేనే అరిచి విప్పించి నీళ్ల డ్రమ్ముకి కట్టించా (ఇనప రాటలు పెట్టుకుని కరెంటు స్తంభం జోలికి పోతారా ఎవరైనా). మధ్యాహ్నం మూడు గంటలకి గాలిదుమారం లేచింది, బైకు పడిపోయింది, సగం ఖాళీ అయిన డ్రమ్ము దొర్లింది, షామియానా గొడుగులా పైకి లేచి ఒక రాట వచ్చి సాంబారు డేగిశా పక్కన పడింది. ఎవరికీ దెబ్బ తగల్లా, అదే పదివేలు.

ఆ సాయంత్రం మా అల్లుడు కాగితం మీద లెక్కేసి చూపించాడు. గంటకి 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకి 17 కిలోల దాకా తోపు ఉంటదంట. 15 అడుగులకి 15 అడుగుల షామియానా అంటే 21 చదరపు మీటర్లు, గాలి దాని కడుపులోకి దూరిందంటే 350 కిలోలు లాగినట్టు. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. దానికి మనం కట్టింది ఒక బైకు, ఒక సగం డ్రమ్ము.

ఈ అల్లుడే కార్తీక మాసంలో కారు పక్కన కట్టుకునే క్యాంపింగ్ టెంట్ గుడ్డ ఒకటి కొనుక్కొచ్చి మమ్మల్ని భైరవకోన తీసుకెళ్లాడు. కొండని తొలిచి గుళ్లు చేసిన చోట దబ్బనం లాంటి మేకులు దిగుతాయా అండీ, రెండు దెబ్బలకే హెయిర్‌పిన్నుల్లా వంగినాయి. అప్పుడు ఒక తాడు ముడేసి కారు చక్రం కింద పెట్టి కారుని దాని మీదకి ఎక్కించి ఆపాం, రెండో పక్క 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండేసి కలిపి కట్టాం, అంటే మూలకి 40 కిలోలు, చిన్న గుడ్డ కాబట్టి మామూలు గాలికి సరిపోయింది. గాలి పెరిగితే మాత్రం దించి మడిచేయడమే, పంతానికి పోకూడదు. ఇంకోటి, తాళ్లు విప్పకుండా కారు తీయకండి, నేను చెప్పను గానీ ఒకాయన తీశాడు.

గట్టి ఎర్రనేల అయితే ముందురోజు రాత్రి నీళ్లు పోసి నానబెట్టి, బొటనవేలు లావు ఇనప కడ్డీని పైకొన టెంటుకి ఎడంగా వాలేట్టు ఏటవాలుగా కొడితే పట్టుద్ది, నిటారుగా కొడితే తాడు లాగి పీకేస్తది. రాయి మీదా సిమెంట్ మీదా ఇవేం పనికిరావు, బరువే గతి. బరువుకి మన దగ్గర కరువా? పాలిష్ ఫ్యాక్టరీల బయట గెలాక్సీ గ్రానైట్ ముక్కలు గుట్టలు పడున్నాయి, అడుగు పొడవు అడుగు వెడల్పు అడుగు ఎత్తు ముక్క 80 కిలోల పైనే తూగుద్ది. దానికి డ్రిల్ కొట్టి ఒక కొక్కెం బిగిస్తే టెంట్ హౌస్ వాళ్లకి జీవితకాలం పనికొస్తది. నున్నటి రాయి సిమెంట్ మీద జారుద్ది కాబట్టి కింద గోనెసంచి వేయాలి, మూలకి ఒకటి కాదు రెండు పెట్టాలి. నేను ఇద్దరు టెంట్ హౌస్ వాళ్లకి చెప్పి చూశా, ఎవడు మోస్తాడు అన్నా అన్నారు, అదీ నిజమే.

అందుకని పంచాయతీ వాళ్లకి, ఇంజినీర్లకి నా మనవి ఒక్కటే. కొత్తగా సిమెంట్ రోడ్డు పోసేటప్పుడు పక్క మార్జిన్లో 15 అడుగులకి ఒకటి చొప్పున, కింద నీళ్ల పైపు లేని చోట చూసి, అడుగున్నర లోతు అడుగున్నర వెడల్పు గుంట తీసి వంచిన రాడ్డు రింగు పెట్టి కాంక్రీట్ పోయండి. ఆ దిమ్మ ఒక్కటే 230 కిలోలు ఉంటది, పైగా చుట్టూ మట్టి పట్టుకుని ఉంటది. రింగు నేలకి కాస్త లోపలికి ఉండాలి, లేకపోతే ముసలోళ్లు తట్టుకుని పడతారు. వీధికి ఒక పది దిమ్మలు, దానికేం ఖర్చు అవుద్ది చెప్పండి, ఏటా బొక్కలు పూడ్చే సిమెంట్ కన్నా ఎక్కువా?

మా వెనక వీధికి వచ్చే నెల రోడ్డు పోస్తారంటన్నారు. రాడ్డు ముక్కలు నేనే ఇస్తా, గుంటలు మా తమ్ముడూ నేనూ తవ్వుకుంటాం, కంకర లారీ వచ్చే ముందురోజు ఒక్కమాట చెప్పండి చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, ప్రకాశం జిల్లా