ఫార్మాట్ కొట్టించకు, ఆగు

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్లో నీ గొంతు విని ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని హడలిపోయాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్! స్టార్ట్ మెనూ తెరుచుకోదు, సెట్టింగ్స్ ఇలా కనపడి అలా మాయమవుతుంది, షాపువాడేమో ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. ఆగరా బాబూ. పోయిన వేసవిలో నాకూ అచ్చం ఇదే అయింది. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. నా దానికి బ్యాటరీ ఉన్నా లేనట్టే కదా, ఠక్కున ఆగిపోయింది. మర్నాటి నుంచి ఇవే వేషాలు.

పాడైన విండోస్ ఫైళ్లను వెతికి బాగుచేసే కమాండని అందరూ చెప్పే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఉంది చూడు, నేను ముందు అదే కొట్టాను. 100 శాతం దాకా వెళ్లి, పాడైన ఫైళ్లు దొరికాయిగానీ కొన్నింటిని బాగుచెయ్యలేకపోయానంది. మూడుసార్లు కొట్టినా అదే పాట. ఇక లాభం లేదని ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ఎస్‌ఎఫ్‌సీ అందులో దాచిన మంచి కాపీతో పోల్చిచూసి, చెడినదాని స్థానంలో దాన్ని పెడుతుంది. ఇంట్లో దస్తావేజు చినిగిపోతే రిజిస్ట్రారాఫీసుకెళ్లి నకలు తెచ్చుకుంటాం కదా, అలాగన్నమాట. మరి ఆఫీసు పుస్తకానికే చెదలు పడితే? నా గతి అదే.

ఆ పుస్తకాన్ని, అంటే ఆ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌ని, బాగుచేసేది డీఐఎస్‌ఎం అనే ఇంకో కమాండు. అందుకే ముందు అది కొట్టాలి. నీకు స్టార్ట్ మెనూ రావట్లేదు కాబట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో రన్ న్యూ టాస్క్ నొక్కి, సీఎండీ అని కొట్టి, కిందున్న అడ్మిన్ గడిలో టిక్కు పెట్టు. అది మర్చిపోతే ఈ కమాండ్లు నడవవు. అప్పుడు వచ్చే నల్ల కిటికీలో ఇలా కొట్టు: డీఐఎస్‌ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రిస్టోర్‌హెల్త్. స్లాష్‌కీ దాని పక్క మాటకీ మధ్య ఖాళీ వదలకు.

ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ అనుకునేవు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నడుస్తున్న విండోస్ అని దానర్థం. తమాషా ఏంటంటే నెట్టూ కావాలి, మంచి ఫైళ్లను అది విండోస్ అప్‌డేట్ నుంచి దించుకుంటుంది కాబట్టి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో.

నాకు 62.3 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. టెన్షన్‌తో మూసెయ్యబోయి, సరే చూద్దామని స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి పూర్తయింది! రీస్టార్ట్ చేసి మళ్లీ ఎస్‌ఎఫ్‌సీ కొడితే, ఈసారి అన్నీ బాగుచేశానంది. స్టార్ట్ మెనూ ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది.

నీదీ బాగుపడి వారంలో మళ్లీ మొదటికొస్తే మాత్రం డిస్కు మీద అనుమానపడాలి. డిస్కే చస్తుంటే ఈ మందులేవీ పనిచెయ్యవు. ఏదేమైనా పాప ఫోటోలు ముందు వేరేచోటికి ఎక్కించు, తర్వాతే ఏ కమాండైనా.

చివర్లో ఏం లైను వచ్చిందో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. షాపువాడికి ముందే ఇచ్చేసిన అడ్వాన్సు ఎలా రాబట్టాలో మాత్రం నన్నడక్కు.

నీ
మామ