పెట్టె తెరవకుండానే ‘లోపం లేదు’ అని తేల్చిన మీ సర్వీస్ విభాగంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో కొన్న సీడీ ట్రాన్స్‌పోర్ట్, దాని విషయంలో మీ సిబ్బంది నడిపిన వ్యవహారం.

అయ్యా,

నేను విజయవాడ వాసిని. గత దీపావళికి ముందు మీ వెబ్‌సైట్‌లో సీడీ ట్రాన్స్‌పోర్ట్, అంటే సీడీని చదివి అందులోని అంకెలను బయటి పరికరానికి పంపే యంత్రం, కొన్నాను. దాని గురించి మీకు ఇంతకు ముందు కూడా రాశాను. వచ్చిన జవాబులన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం, మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు.’ ఆ ప్రతినిధి సంప్రదించరు. ఎప్పుడైనా సంప్రదించినా నేను రాసిన ఒక్క ముక్కా చదివి ఉండరు. కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకే ఈసారి జరిగిందంతా పూసగుచ్చినట్లు రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

సమస్య రెండు మాటల్లో చెప్పవచ్చు. డిస్కులో మొదటి పాటలు చక్కగా వస్తాయి. చివరి పాటలకు వచ్చేసరికి ధ్వని తెగుతుంది, పాట వెనక్కి గెంతుతుంది, ఒక్కోసారి అసలు డిస్కే లేదని తెరమీద చూపిస్తుంది. నా దగ్గర ఉన్నవి చాలావరకు కర్ణాటక సంగీత కచేరీల సీడీలు. ఇది కొన్నాక ఇంట్లో ఒక్క కచేరీ కూడా మంగళం దాకా సాగలేదు.

ఇక మీ వాళ్ల సంగతి. మొదట ఫోనులో మాట్లాడిన అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టి చూడమన్నారు. దీనికి హెడ్‌ఫోన్ పెట్టే చోటే లేదని చెప్పాను. అయితే ఎరుపు, తెలుపు వైర్లు తీసి యాంప్లిఫయర్‌కు నేరుగా కలిపి చూడమన్నారు. ఆ వైర్లు పెట్టే రంధ్రాలూ దీనికి లేవు. ఇది సీడీ ప్లేయర్ కాదమ్మా, ట్రాన్స్‌పోర్ట్; డిస్కు మీద సెకనుకు 44,100 నమూనాల చొప్పున రాసి ఉన్న అంకెలను చదివి, ఒక్క కోయాక్సియల్ కేబుల్ గుండా బయట ఉండే డాక్ (డీఏసీ) అనే పరికరానికి పంపడమే దీని పని, ఆ అంకెలను ధ్వనిగా మార్చేది డాక్ అని ఓపికగా వివరించాను. ‘మీ సిస్టమ్ మా కంపెనీ సిస్టమ్‌తో సరిపడటం లేదేమో సార్’ అని పెట్టేశారు. ఆ అమ్మాయిని తప్పుపట్టను. తాను ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తప్పు ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన మీది.

ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? ఫిర్యాదు మళ్లీ తెరవమని అడిగితే మూసిన ఫిర్యాదును తెరవడం కుదరదు, కొత్తది ఇవ్వాలన్నారు. కొత్తది ఇచ్చాను. అదీ అలాగే మూసేశారు.

తర్వాత ఇంటికి ఒక టెక్నీషియన్ వచ్చారు. పెన్‌డ్రైవ్ తీసి ఎక్కడ పెట్టాలని నన్నే అడిగారు. సీడీ ఇచ్చాను. మొదటి పాట రెండు నిమిషాలు విని ‘బాగానే ఉంది కదా సార్’ అన్నారు. సీడీని లోపలి అంచు నుంచి బయటి అంచుకు చదువుతుంది కాబట్టి, చివరి పాటలంటే డిస్కు బయటి అంచున ఉన్నవి కాబట్టి, లెన్సు అక్కడిదాకా జరిగినప్పుడే ఏదో అడ్డం వస్తోందని, దయచేసి చివరి పాట పెట్టమని బతిమాలాను. ఇంకో ఇంటికి వెళ్లాలని బ్యాగు సర్దుకున్నారు. మెట్లు దిగుతూ ఒక మాట అన్నారు: ‘ఈ రోజుల్లో సీడీలెవరు వింటున్నారు సార్, బ్లూటూత్ పెట్టుకోండి.’

అయ్యా, ఆ వస్తువును నాకు అమ్మింది మీరు. సీడీ వినేవారి కోసమే దాన్ని ప్రత్యేకంగా తయారు చేశామని మీ ప్రకటనలోనే రాసుకున్నారు. డబ్బు తీసుకునేటప్పుడు సీడీ గొప్పది, బాగుచేయమన్నప్పుడు పాతబడిపోయిందా? నా దగ్గరున్న కచేరీల్లో కొన్ని ఏ ఫోను యాప్‌లోనూ దొరకవు. విజయవాడలో, హైదరాబాద్ కోఠీలో, చెన్నైలో దుకాణాలు తిరిగి ఒక్కొక్కటిగా కూడబెట్టినవి. పాత ప్లేయర్ లెన్సు పాడైతే ఇవి మూగబోకూడదనే మీ ట్రాన్స్‌పోర్ట్ మీద అంత డబ్బు పెట్టాను.

ఆ తర్వాత మీ వాళ్లు కొత్త పాట అందుకున్నారు. డాక్ వేరే కంపెనీది, లోపం దానిలోనే ఉంటుందట. సరే, అది కూడా తేల్చాను. ఇంట్లో మూలనపడిన పాత డీవీడీ ప్లేయర్ తీసి, అదే కేబుల్‌తో అదే డాక్‌కు కలిపి, అదే సీడీ చివరి పాట పెట్టాను. ఎక్కడా తెగకుండా వచ్చింది. డిస్కు బాగుంది, కేబుల్ బాగుంది, డాక్ బాగుంది. ఇక మిగిలింది ఏమిటో పదేళ్ల పిల్లవాడు కూడా చెబుతాడు. రెండూ వీడియో తీసి మీకు ఈమెయిల్ చేశాను. జవాబుగా సీరియల్ నంబరు పంపమన్నారు. ఆ నంబరు నా ఈమెయిల్ మొదటి పంక్తిలోనే ఉంది.

చివరికి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు నా ఖర్చుతో పంపమన్నారు. పంపాను. ఇక్కడి నుంచి జరిగింది మీరు జాగ్రత్తగా చదవాలి. పెట్టె నేనే కట్టాను. టేపు అతుకుల మీద అడ్డంగా, టేపు మీద సగం, అట్ట మీద సగం పడేలా నీలం సిరాతో సంతకాలు చేశాను. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేసినప్పుడల్లా ‘పరీక్ష జరుగుతోంది’ అన్నారు. ఒక రోజు పెట్టె తిరిగి వచ్చింది. పైన అంటించిన చీటీలో ‘పూర్తిగా పరీక్షించాం, లోపమేమీ లేదు’ అని ఉంది. టేపు చెక్కుచెదరలేదు. సంతకాల్లో ఒక్క గీత కూడా జరగలేదు. మీ సెంటర్ మేనేజరు గారికి ఫోను చేస్తే రెండు గంటలు నడిపి చూశామన్నారు. పెట్టె తెరవకుండా ఎలా నడిపారని అడిగాను. ‘లైన్లో ఉండండి’ అన్నారు. ఫోను కట్ అయింది. ఆ తర్వాత ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

యంత్రం అన్నాక పాడవుతుంది. అందుకు నాకు మీ మీద కోపం లేదు. ముఖం మీదే అబద్ధం చెప్పినందుకు, అది నేను పట్టుకున్నాక కూడా క్షమించండి అనే మాట మీ నోట రానందుకు నా ఒళ్లు మండిపోతోంది.

మా నాన్నగారు మీ కంపెనీ కేసెట్ డెక్ కొన్నారు. అది ఇప్పటికీ పాడుతుంది. ఆ నమ్మకంతోనే నా యాంప్లిఫయర్, మా తమ్ముడి స్పీకర్లు మీ దగ్గరే కొన్నాం. మా ఆఫీసులో ఇద్దరిచేత కొనిపించాను. అప్పట్లో మీ వాళ్లు ఉత్తరం రాస్తే పేరుపేరునా జవాబిచ్చేవారు, కింద సిరా సంతకం ఉండేది. ఆ కంపెనీయేనా మీది? ఇప్పుడు ఎవరైనా మీ సరుకు గురించి అడిగితే సంతకం చెదరని ఆ పెట్టె ఫోటో చూపిస్తున్నాను. చూపిస్తూనే ఉంటాను.

ఆ పెట్టె ఇంకా అలాగే ఉంది. నేను తెరవలేదు, మీ మనిషి వచ్చి నా ఎదుట తెరిచేదాకా తెరవను. వచ్చేవారు ట్రాన్స్‌పోర్ట్ అంటే ఏమిటో తెలిసినవారై ఉండాలి, చివరి పాట దాకా కూర్చుని వినాలి. లోపం కళ్లారా చూశాక కొత్తది ఇస్తారా, డబ్బు వాపసు చేస్తారా అనేది అప్పుడు మాట్లాడుకుందాం. కొరియర్ ఖర్చు మాత్రం మీరే భరించాలి. చూడకుండా చీటీ అంటించినవారెవరో నాకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలో ఫిర్యాదుల అధికారి ఉండాలని, ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని తెలిపి, నెల లోపల పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మీ అధికారి ఎవరో మీ కాల్ సెంటర్‌లో ఎవరికీ తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి రానక్కరలేదు, నేను నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. బిల్లు, ఈమెయిళ్లు, కొరియర్ రసీదు, వీడియోలు, పెట్టె నలువైపులా తీసిన ఫోటోలు వరుసగా పెట్టి ఫైలు సిద్ధం చేశాను. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయిస్తాను. కమిషన్ మెట్లెక్కితే ట్రాన్స్‌పోర్ట్ ధరతో సరిపెట్టను. నన్ను తిప్పిన తిప్పటకు, పెట్టిన క్షోభకు కూడా పరిహారం అడుగుతాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రావాలి. ‘చింతిస్తున్నాం’ అనే ఈమెయిల్‌ను జవాబుగా పరిగణించను. పేరు, హోదా, నేరుగా మాట్లాడగల ఫోను నంబరు ఉన్న మనిషి రాసిన ఉత్తరం కావాలి. ఫోను చేసేవారు ఉంటే ముందు ఇది చదివి చేయండి. సీరియల్ నంబరు జతచేసిన బిల్లు మీద పైన కుడివైపు ఉంది, మళ్లీ అడగవద్దు.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
విజయవాడ

జతచేసినవి: బిల్లు నకలు, ఈమెయిళ్ల నకళ్లు, కొరియర్ రసీదు, మీ సర్వీస్ సెంటర్ చీటీ, సంతకాలున్న పెట్టె ఫోటోలు.