చచ్చిన టిష్యూ కూడా ఊదారంగు ఇస్తుంది: కాల్షియం థయోగ్లైకొలేట్ పరీక్ష రిపోర్టుపై ఫిర్యాదు

స్వీకర్త: క్వాలిటీ విభాగం అధిపతి గారికి, చర్మ భద్రత పరీక్షల ల్యాబ్
పంపినవారు: ఉత్పత్తి భద్రత విభాగం, జుట్టు తొలగించే క్రీముల తయారీ యూనిట్

విషయం: జుట్టు తొలగించే క్రీముల్లో మేం వాడే కాల్షియం థయోగ్లైకొలేట్ పొడికి ‘చర్మానికి ఇరిటెంట్ (మంట పుట్టించేది) కాదు’ అని ఇచ్చిన రిపోర్టును వెనక్కి తీసుకుని, పరీక్ష మళ్లీ చేయడం గురించి

అయ్యా/అమ్మా,

మీరు పంపిన రిపోర్టులో మా నమూనా తగిలిన టిష్యూల్లో (ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మపు నమూనాల్లో) 67.7 శాతం కణాలు బతికి ఉన్నట్టు చూపించారు. 50 శాతం దాటితే ఇరిటెంట్ కాదన్నది ఓఈసీడీ (అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ) చర్మపు మంట పరీక్షకు ఇచ్చిన 439వ మార్గదర్శకంలోని గీటు కాబట్టి, ఆ ముద్ర వేసి ముగించారు. గీటు సరైనదే. దాని పక్కన పెట్టిన 67.7 మీదే మాకు నమ్మకం లేదు. ఎందుకో రాస్తున్నాం.

ఈ లవణం చేసే పనే క్షయకరణం, అంటే ఎదుటి పదార్థానికి ఎలక్ట్రాన్లు ఇవ్వడం (రిడక్షన్). వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలను ఇది తెంపుతుంది. అందుకే క్రీము రాసిన పది నిమిషాల్లోపే వెంట్రుక మెత్తబడి ఊడివస్తుంది. మీ పరీక్షలో రంగు పుట్టించేదీ క్షయకరణమే. బతికున్న కణం ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థాన్ని క్షయించి ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది. దాన్ని ఐసోప్రొపనాల్‌లో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. కణం చేయాల్సిన ఆ పనిని మా పొడి కణంతో నిమిత్తం లేకుండా తనంతట తానే చేయగలదు. టిష్యూ చచ్చిపోయినా రంగు వస్తుంది, లెక్కలో బతికున్నట్టే పడుతుంది. ఇలాంటి ఇతర క్షయకారక పదార్థాలకూ ఇదే చిక్కు రావచ్చు. చర్మ పరీక్షలు రోజూ చేసే ల్యాబ్‌కు ఇది కొత్త సంగతి కాదు.

దీన్ని ముందే పట్టుకోవడానికి చవకైన తనిఖీ ఉంది. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. గాఢత ఉన్న ఎంటీటీ ద్రావణం 1 మిల్లీలీటరు తీసుకుని, అందులో 25 మి.గ్రా. పొడి వేసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. పక్కనే పొడి బదులు నీళ్లు కలిపిన గొట్టం ఒకటి పెట్టాలి. మీకు పంపిన లాట్‌లోంచే దాచిన నమూనాతో మేం చూస్తే గంట అక్కర్లేకుండానే ద్రావణం ఊదాగా మారింది, నీళ్ల గొట్టం పసుపుగానే ఉంది. మీ బిల్లులో ‘ఎంటీటీ జోక్యం తనిఖీ’ పేరిట విడిగా డబ్బు వేశారు. రిపోర్టులో మాత్రం దాని ఫలితం ఒక్క వాక్యం కూడా లేదు. చేసి ఉంటే ఊదారంగు మీకూ కనిపించేది. చేయకపోతే బిల్లు ఎందుకు వేసినట్టు?

తనిఖీలో రంగు మారిందంటే తర్వాతి మెట్టు చచ్చిన టిష్యూ కంట్రోల్. మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి చంపిన టిష్యూలు కొన్నింటికి పొడి పెట్టి, కొన్నింటిని ఉత్తగా ఉంచి, అన్నింటినీ అసలు పరీక్షలాగే చివరిదాకా నడపాలి. ఈ రెంటి ఓడీల (రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలతల) తేడాను నెగటివ్ కంట్రోల్ (హాని చేయని ద్రవం మాత్రమే పెట్టిన బతికున్న టిష్యూ) ఓడీతో భాగిస్తే, లవణం సొంతంగా పుట్టించిన రంగు శాతం తెలుస్తుంది. దాన్ని పైకి కనిపించే శాతంలోంచి తీసేయాలి.

మీ అంకెలతోనే చూద్దాం. నెగటివ్ కంట్రోల్ సగటు ఓడీ 1.62. మా నమూనావి 1.10, 1.21, 0.98. వీటి సగటుకే 67.7 శాతం వచ్చింది. చచ్చిన టిష్యూకు పొడి పెడితే 0.42, ఉత్తదానికి 0.08 వచ్చిందనుకోండి. తేడా 0.34, అంటే 21 శాతం. 67.7లోంచి అది పోతే మిగిలేది 46.7. రిపోర్టు మొదటి పేజీలోని నిర్ణయం తిరగబడుతుంది. ఈ 0.42 మేం ఊహించి వేసినదే. అసలు అంకె ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు. లవణం సొంత రంగే 50 శాతం దాటితే ఈ పద్ధతి ఈ పదార్థానికి పనికిరాదని రాసి ఆపేయాలి. ఏది నిజమో చెప్పగల కొలత మీ రిపోర్టులో లేదు.

ఫోన్‌లో మీ సిబ్బంది రెండు జవాబులు ఇచ్చారు. పాజిటివ్ కంట్రోల్ (ఇరిటెంట్ అని ముందే తెలిసిన పదార్థం) సరిగ్గా వచ్చింది కాబట్టి పరీక్ష చెల్లుతుందన్నది మొదటిది. 5 శాతం సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు 9 శాతం వచ్చింది, అది 20 లోపే, మంచిదే. కానీ ఆ పదార్థం ఎంటీటీని క్షయించదు. టిష్యూ మంచిదని, చేయి తిరిగినవాళ్లే చేశారని దాంతో తెలుస్తుంది. మా పొడి ఇచ్చే దొంగరంగు దానికి ఎలా దొరుకుతుంది? అదే జవాబులో, మూడు టిష్యూల మధ్య విచలనం 7 శాతమే, అనుమతించే 18 లోపే ఉందన్నారు. మూడింటిలోనూ ఒకే తప్పు జరిగితే విచలనం తక్కువే ఉంటుంది.

రెండో జవాబులో కొంత పస ఉంది. గంట పూత తర్వాత టిష్యూను కడిగి 42 గంటలు ఉంచుతాం, ఈలోగా మిగిలిన థయోగ్లైకొలేట్ గాలికి ఆక్సీకరణ చెంది శక్తి కోల్పోతుంది కదా అన్నారు. కొంత నిజమే. ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు చచ్చిన టిష్యూ దగ్గరే ఉంది. పైగా ఇది కాల్షియం లవణం, నీళ్లలో అంతంతమాత్రంగా కరుగుతుంది. ఫాస్ఫేట్ బఫర్‌తో కడిగితే తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ ఏర్పడి, ఇన్సర్ట్ (టిష్యూ ఉండే చిన్న గిన్నె) అంచుల్లో పొరలా పట్టుకుని, లవణాన్ని తనతో దాచుకునే వీలుంది. మీ రిపోర్టులో ‘కడిగాం’ అని మాత్రమే ఉంది. ఎన్నిసార్లు కడిగారు, బఫర్‌లో ముంచి తిప్పారా, కడిగాక మైక్రోస్కోప్ కింద పొడి మిగిలిందా అన్నది రాయలేదు. 25 మి.గ్రా. పొడిని తడపడానికి ఎంత ద్రవం వాడారన్నదీ లేదు. సరిగ్గా తడవని పొడి టిష్యూకు అక్కడక్కడే తగులుతుంది, అప్పుడు తప్పు ఇంకో దిక్కుకు పోతుంది.

పీహెచ్ కూడా కొలవలేదు. ఈ లవణాన్ని నీళ్లలో కలిపితే పీహెచ్ 11, 12 మధ్య ఉంటుంది. 11.5 దాటితే చర్మాన్ని తినేసే గుణం ఉందేమోనని ముందు చూడాలి. అంటే 439 కంటే ముందు ఓఈసీడీ 431 పరీక్ష, 3 నిమిషాల పూత ఒకటి, గంట పూత ఒకటి. 439లో 50 లోపు వచ్చినా అది మామూలు మంటా, చర్మం కాలడమా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలదు.

మీ కవరింగ్ లెటర్ చివర్లో, కావాలంటే కుందేళ్ల మీద నిర్ధారించుకోవచ్చని ఓ సలహా ఇచ్చారు. సౌందర్య ఉత్పత్తులను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014 నుంచి నిషేధం. ఒక పరీక్షల ల్యాబ్ లెటర్‌హెడ్ మీద ఆ మాట ఉండటం మాకు ఆశ్చర్యంగా ఉంది. మనుషుల చర్మం మీద నమూనాను 24 గంటలు పట్టీలా అంటించి చూద్దామన్న (ప్యాచ్) ప్రత్యామ్నాయానికీ మేం ఒప్పుకోం. పది నిమిషాల్లో కడిగేయాల్సిన పదార్థాన్ని మూతవేసి రోజంతా చర్మానికి అంటించి ఉంచడం పరీక్ష కాదు, గాయం చేయడం.

ఈ రిపోర్టు ఫైల్లో పడి ఉండేది కాదు. డ్రమ్ము మీద అతికించే హెచ్చరిక, పొడి తూచి కలిపే కార్మికుల చేతి తొడుగులు, కళ్లద్దాలు, డస్ట్ మాస్క్ నిబంధనలు దీని ఆధారంగానే రాస్తాం. ‘ఇరిటెంట్ కాదు’ అన్న మాట నమ్మితే ముందు మంట పుట్టేది వాళ్ల మణికట్టు దగ్గర. అందుకే ప్రస్తుతానికి ఆ రిపోర్టును పక్కన పెట్టి, పాత హెచ్చరికనే కొనసాగిస్తున్నాం.

మీరు చేయాల్సినవి: రిపోర్టును రాతపూర్వకంగా ఉపసంహరించాలి. ముడి ఓడీ అంకెలు, టిష్యూ లాట్ సర్టిఫికెట్, ఎంటీటీ తనిఖీ చేసి ఉంటే దాని ఫోటో, నోట్‌బుక్ పేజీ పంపాలి. పీహెచ్ కొలిచి, 431 తర్వాతే 439 చేయాలి. అందులో చచ్చిన టిష్యూలు పొడితో మూడు, పొడి లేకుండా మూడు ఉండాలి. ఈ రెండోసారి చేసే 439 ఖర్చు మీదే. 431 ఖర్చు మేం భరిస్తాం, ఎందుకంటే మొదటి ఆర్డర్‌లో దాన్ని మేమూ అడగలేదు.

ఉపసంహరణ లేఖ 15 రోజుల్లో అందకపోతే మిగతా బిల్లు ఆపుతాం, మీ ల్యాబ్‌కు గుర్తింపు ఇచ్చిన సంస్థకు ఇవే కాగితాలు పంపుతాం. దాచిన నమూనా 200 గ్రాములు, గాలి చొరబడని డబ్బాలో సీలు వేసి సిద్ధంగా ఉంది. ఈసారి దాన్ని పరీక్ష రోజునే తెరవండి. ముందే తెరిచి గాలికి వదిలేస్తే ఆక్సీకరణ చెందిన పొడికి పరీక్ష చేసినట్టవుతుంది.

ఇట్లు,
ఉత్పత్తి భద్రత విభాగం

జతపరచినవి: మీ రిపోర్టు నకలు, బిల్లు నకలు, ఎంటీటీ గొట్టాల ఫోటోలు రెండు