నాలుక చేపల గుడ్ల కాలం కూడా చూడండి

రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి నమస్కారం.

మన తీరంలో మరబోట్ల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం. మంచిదే. కానీ నాలుకలా బల్లపరుపుగా ఉండే నాలుక చేపలు ఆ తేదీల ప్రకారమే గుడ్లు పెడతాయా? మలబారు తీరంలో వాటి గుడ్ల కాలం నైరుతి వానలు వెళ్ళాకే మొదలవుతుంది. ఉత్తర సముద్రంలో ఇలాంటిదే ‘ప్లేస్’ అనే మరో బల్లపరుపు చేప చలికాలంలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు, పిల్లలు ప్రవాహంలో కొట్టుకుంటూ డచ్ తీరపు లోతు తక్కువ నీళ్ళకు చేరాలి. 1963లో గడ్డకట్టే చలి పడిన ఏడాది పిల్లలు విపరీతంగా బతికాయి.

పుట్టినప్పుడు వీటి కళ్ళు చెరో పక్కే ఉంటాయండి. ఒక కన్ను రెండో వైపుకి జరిగాకే అడుగున ఇసుకలోకి దిగుతాయి. అలా దిగిన వేలెడంత పిల్లల్ని విశాఖ హార్బర్‌లో చెత్త చేపల కుప్పలో చూసి ప్రాణం ఉసూరుమంది.

నీటి వేడి, ప్రవాహాలు కొలుస్తూ నెలనెలా గుడ్ల సర్వే చేయించండి. పిల్లలు పెరిగే చోట ఆ నెలల్లో ట్రాలర్లు ఆపండి.

ఇట్లు,
ఒక మత్స్యకార కుటుంబం బిడ్డ