‘మళ్లీ ఏమైనా జరిగిందా?’ అని మాత్రమే అడిగితే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన టీచర్ని. మాది తెలంగాణలో ఒక చిన్న ఊరు. ఊరి పేరు, జిల్లా పేరు రాయను. రాస్తే ఈ ఉత్తరంలో నేను చెప్పబోయే పిల్ల ఎవరో చుట్టుపక్కల అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా అలా బయటపెట్టొద్దనే చెబుతుంది. పైగా మూడో తరగతిలో నేను ఎక్కాలు నేర్పిన పిల్ల.

మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉంది. ఆ పిల్ల విషయంలోనే కొట్టు యజమాని మీద పోక్సో కేసు నడుస్తోంది. రెండు నెలలు జైల్లో ఉన్నాడు, బెయిల్ వచ్చింది, వారం తిరక్కుండానే కొట్టు తెరిచాడు. ఒక సాయంత్రం పాలకోసం వెళ్తుంటే ఆ పిల్ల అదే కొట్లోంచి నూనె ప్యాకెట్, సబ్బు పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి ఎప్పటిలాగే ‘నమస్తే టీచర్’ అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

జిల్లా బాలల రక్షణ విభాగంలో పనిచేసే ఒక అమ్మాయి నంబరు నా దగ్గర ఉంటే ఫోన్ చేశాను. అంతా విని ఆమె అడిగిన మొదటి మాట, “మళ్లీ ఏమైనా జరిగిందా మేడమ్?” నాకు తెలిసి లేదన్నాను. “మరి కంప్లైంట్ ఏమని రాసుకోమంటారు?” అంది.

ఏమని రాసుకోవాలో 2012 నాటి చట్టంలోనే ఉంది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరిగే ప్రమాదం ఉందని భయపడేవాళ్లు కూడా పోలీసులకు చెప్పాలి. అలా చెప్పిన ప్రతి మాటకీ ఒక నంబరు వేసి, రాసుకుని, చెప్పినవాళ్లకి చదివి వినిపించాలి. నమోదు చేయకపోతే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చని 21వ సెక్షన్ అంటుంది. నేను నేరుగా స్టేషన్‌కి వెళ్లకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ చట్టంలో ‘ఏ వ్యక్తి అయినా’ అని ఉంది. నా నోటి నుంచి విన్న ఆ ఉద్యోగికి మాత్రం ఆ బాధ్యత లేదా?

నాలుగు రోజుల తర్వాత ఆమె వచ్చింది. ఇంటి ముందు, తల్లి పక్కన ఉండగా, పక్కింటి వాళ్లు గోడ మీంచి చూస్తుండగా ఆ పిల్లని అడిగింది: “ఆ కొట్టుకి నువ్వెందుకు పోతున్నావమ్మా?” పిల్ల తలొంచుకుని, “ఏమనలేదు మేడమ్, మంచిగనే మాట్లాడిండు” అంది. బాలిక తన ఇష్టంతోనే వెళ్తోందనీ, తల్లికి కౌన్సెలింగ్ ఇచ్చామనీ రాసి, తల్లి సంతకం తీసుకున్నారు. అక్కడితో సరి.

ఆ ‘ఇష్టం’ అన్న మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. మొదట్లో అతను చేసింది కూడా మంచిగా మాట్లాడటమే. పెన్నులిచ్చాడు, ఫోన్‌కి రీచార్జి చేయించాడు. జాతీయ నేర గణాంకాల ప్రకారం పిల్లల మీద జరిగే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు తెలిసినవాళ్లే. తెలిసిన మనిషి దగ్గరికి పిల్ల మళ్లీ వెళ్లిందంటే అందులో వింతేముంది? వేరే కేసులో ఏ పదహారేళ్ల అమ్మాయో తనే నిందితుడికి ఫోన్ చేసిందని తెలిసినా ఇదే వరస. “పిల్లే చేస్తోంది కదా, మేమేం చేస్తాం” అని తేల్చేస్తారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల ఇష్టానికి పోక్సో చట్టంలో విలువ లేదు. మన రిపోర్టుల్లోకి మాత్రం అది నింపాదిగా వచ్చి కూర్చుంటుంది.

అసలు కారణం కనుక్కోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. “ఇంకెవరు ఉద్దెర ఇస్తరు టీచరమ్మా? కూలి పైసలు శనివారం గాని రావు. పాత బాకీ కట్టకుండ ఇంకో కొట్టుకు పోతే ఊకుంటడా?” అంది. బెయిల్ మీద వచ్చాక అతను ఆ బాకీ ఊసే ఎత్తడం లేదట. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన పిల్ల ఇంటి బాకీ అతను ఎందుకు అడగడం లేదో కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా అర్థమవుతుంది. సాక్షుల్ని ప్రలోభపెడితే బెయిల్ రద్దు చేయమని ప్రాసిక్యూటర్ ద్వారా కోర్టుని అడగొచ్చు. ఆ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి ఇళ్ల కోసమే 2020 పోక్సో నిబంధనల్లో ఒక దారి ఉంది. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి అవసరాలకి వెంటనే డబ్బు ఇవ్వమని బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేయొచ్చు. సిఫారసు అందిన వారంలోగా ఆ డబ్బు చేతికి రావాలి. ఆ డబ్బొస్తే పాత బాకీ తీరేది, పిల్లకి ఆ గడప తొక్కే పని ఉండేది కాదు. మనవాళ్లు కౌన్సెలింగ్ ఇచ్చి వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగిని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా చిన్న కూతురి వయసు ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఊళ్లకి బస్సుల మీద తిరుగుతుంది. పిల్లల రక్షణకున్న కేంద్ర పథకం లెక్కల ప్రకారం ఇలా ఊళ్లు తిరిగే ఔట్‌రీచ్ వర్కర్లు జిల్లాకు ఇద్దరే. పదిహేను, ఇరవై మండలాలుండే జిల్లాలో ఇద్దరు! బాల్యవివాహం ఆపాలన్నా, బడి మానేసిన పిల్లాణ్ని వెతకాలన్నా మళ్లీ వాళ్లే. ఆమె చేతిలో ఉన్న ఫారంలో ‘ఘటన’ అనే గడి ఉంది, ‘భయం’ అనే గడి లేదు. గడి లేనిది ఆమె ఎక్కడ రాస్తుంది?

ఆమెతో మాట్లాడితే తెలిసిన ఇంకో సంగతి. అతను బెయిల్ మీద బయటికొచ్చాడని నేను చెప్పేదాకా ఆమెకి తెలియదు! నిందితుడికి బెయిల్ వచ్చిందా లేదా అన్నది బాధిత కుటుంబానికి చెప్పాలని నిబంధనల్లో ఉంది. మా వీధిలో ఆ కబురు చెప్పింది కొట్టు షట్టర్ లేచిన చప్పుడే. ఇక కేసు ముగిసేదాకా పిల్లకి తోడుండాల్సిన సపోర్ట్ పర్సన్. ఈ తోడు తప్పనిసరి కావాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. పిల్ల పరిస్థితి, ఇంటి పరిస్థితి మీద వాళ్ల నుంచి కమిటీ నెలనెలా రిపోర్టు తెప్పించుకోవాలి. ఒక్క నెల రిపోర్టు సరిగా రాసి ఉన్నా ఆ కిరాణా ఖాతా అందులో కనిపించేది. ఈ పిల్లకి సపోర్ట్ పర్సన్ ఉన్నారా అని ఆమెని అడిగితే “కనుక్కుంటాను మేడమ్” అంది.

ఇలాంటి మాట ఎత్తగానే కొందరు నేరస్థుల ఫొటోలు ఊళ్లో అతికించాలంటారు. లైంగిక నేరస్థుల జాతీయ జాబితా 2018 నుంచే ఉంది, పోలీసులు చూసుకుంటారు. మా కొట్టు యజమాని ఎవరో తెలుసుకోవడానికి ఏ జాబితా అక్కర్లేదు, ఊరంతటికీ తెలుసు. పిల్ల అటు వెళ్తుంటే చూసినవాళ్లకి ఎవరికి చెప్పాలో తెలియదు. చెబితే రాసుకునేవాళ్లు లేరు.

మహిళా శిశు సంక్షేమ శాఖ ఆ ఫారంలో ‘భయం’ అనే గడి చేర్చాలి. నిందితుడితో పిల్ల మళ్లీ మాట్లాడుతోందని ఎవరైనా చెబితే, ‘ఏమీ జరగలేదు’ అన్న కారణంతో ఆ ఫైలు మూయకూడదు. బెయిల్ కాగితం కోర్టు నుంచి అదే రోజు కమిటీకి చేరాలి.

చివరికి ఆ ఇంటివాళ్లు పిల్లని దూరంగా రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. అతను ఉన్నచోటే ఉన్నాడు, పిల్లే ఊరు వదిలింది. దసరా సెలవులకి ఇంటికొస్తుంది. ఆ రోజుల్లో మా వీధికి ఒక్కసారైనా వచ్చి చూసేదెవరో ఇప్పుడే చెప్పమని బాలల రక్షణ విభాగానికి ఉత్తరం రాశాను, ఈసారి రిజిస్టర్డ్ పోస్టులో. స్టేషన్‌లో కూడా ఒక కాపీ ఇచ్చి, నంబరు వేయించుకుని వచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు
(నా పేరు ప్రచురించవద్దని మనవి)