క్రాబాపిల్ కొనేవాళ్లు పువ్వు కాదు, ఆకు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆ మధ్య మీ ఆదివారం పేజీల్లో పెరటి చెట్ల గురించి రాస్తూ క్రాబాపిల్ ఫొటో వేశారు, కొమ్మ కనపడకుండా గులాబీ రంగు పూలు, చాలా బావుంది, కానీ ఆ చెట్టు ఏ ఊళ్లో బతుకుతుందో ఒక్క ముక్క రాయలేదు. అప్పట్నించి హైదరాబాద్‌లో ఉన్న మా చుట్టాలు ఈసారి వచ్చేటప్పుడు ఒక మొక్క పట్రమ్మంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఇక్కడ ఏ వీధిలో చూసినా ఇదే చెట్టు. ఇది ఆపిల్ జాతే, కాయ రెండంగుళాల లోపు ఉంటే క్రాబాపిల్ అంటారు, మా పెరట్లోదానికి అరంగుళం కాయలే. ఏప్రిల్ చివర్లో పూస్తుంది, ఆ పూలు వారం పది రోజులుంటే గొప్ప, మధ్యలో గట్టి వాన పడిందా అదీ లేదు. మిగతా ఏడాదంతా మన కళ్లెదురుగా ఉండేది ఆకే కదా, మరి నర్సరీకెళ్లి అందరూ పూల రంగు చూసి కొనేస్తారెందుకో నాకర్థం కాదు.

ఈ చెట్టుకి పెద్ద శత్రువు స్కాబ్ అనే ఫంగస్ తెగులు. వసంతంలో వానలు ఎక్కువైతే ఆకు మీద ఆకుపచ్చా నలుపూ కలిసిన మచ్చలొస్తాయి, వేలితో తడిమితే కాస్త నూగులా తగులుతుంది, తర్వాత ఆకు పసుపెక్కి రాలిపోవడం మొదలు, ఆగస్టుకల్లా చెట్టు సగం బోడి. హోపా లాంటి పాత రకాలకి ఇది మరీ ఎక్కువ. ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 1982లో విడుదల చేసిన ప్రెయిరీఫైర్ దీన్ని బాగా తట్టుకుంటుంది, ఇరవై అడుగులు పెరుగుతుంది. చోటు తక్కువైతే సార్జెంట్ రకం చాలు, పొట్టిగా ఉంటుంది. ఒహాయోలో ఉన్నవాళ్లు వూస్టర్‌లో సీక్రెస్ట్ ఆర్బొరేటం అనే చెట్ల తోటకి ఓసారి వెళ్లిరండి, రకరకాల క్రాబాపిల్స్ పక్కపక్కనే ఉంటాయి, కాకపోతే పూల టైమ్‌లో కాదు, ఆగస్టులో వెళ్లండి, ఏది పచ్చగా నిలబడిందో మీకే తెలుస్తుంది.

పెంచడంలో పెద్ద కష్టమేం లేదు, ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల ఉంటే చాలు. ఇవి ఎక్కువగా అంటు మొక్కలే కాబట్టి అంటు కింద నుంచి వచ్చే పిలకల్ని వదలకుండా తీసేయాలి. కొమ్మలు కత్తిరించేది చలికాలం చివర్లో, చిగుర్లు రాకముందే. రాలిన ఆకులు ఊడ్చి పారేయాలి, ఆ స్కాబ్ ఫంగస్ చలికాలమంతా వాటిల్లోనే దాక్కుంటుంది. కాయలు పక్షులకి వదిలేసినా పర్లేదు గానీ బాగా పుల్లగా ఉంటాయి, గింజలు తీసేసి పప్పులో వేస్తే మామిడికాయ లేని లోటు కొంచెం తీరుతుంది (మా అత్తగారు ఒప్పుకోరు, అది వేరే సంగతి).

ఇక మనవైపు సంగతి. ఈ జాతికి చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు పడాలి, లేకపోతే మొగ్గ సరిగ్గా విచ్చుకోదు, హైదరాబాద్‌లో అంత చలి ఎక్కడిది? ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఆపిల్ కాయించారు కదా అంటారు, నిజమే, అది హిమాచల్‌లో పుట్టిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99, తక్కువ చలి సరిపోయే రకం, దాన్ని చూసి క్రాబాపిల్ కూడా వచ్చేస్తుందనుకుంటే డబ్బు దండగ. పైగా విదేశాల నుంచి మొక్క తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే కాగితం) ఉండాలి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చేది కాదు. గులాబీ పూల చెట్టే కావాలంటే దేవకాంచనం వేసుకోండి, హాయిగా పూస్తుంది.

మీకు నా మనవి ఒక్కటే, ఇకమీదట ఇలాంటి ఫొటో వేసినప్పుడు కింద ఒక లైన్‌లో అది చలి దేశాల చెట్టా, మన ఎండలకి ఆగుతుందా అన్నది కూడా వేయండి.

– ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో